గోల్ వలకు కట్టిన తువ్వాలు

సేఫు పిడికిలి దెబ్బకి గహుంగు ముక్కు పగిలింది. అయినా అతను వలకు కట్టిన పసుపు తువ్వాలుని మాత్రం వదల్లేదు.

"వదలరా బురుండోడా! మందు పెట్టిన గుడ్డ అడ్డం పెట్టుకుని గోల్ కాస్తావా?"

"దీన్ని ముట్టుకున్నావంటే చంపేస్తా!"

దార్ ఎస్ సలాం మైదానమంతా లేచి నిలబడి అరుస్తోంది. ఊరుకాని ఊరొచ్చి గోల్ కాస్తున్న గహుంగుకి ఇది తాడోపేడో తేలే ఆట. "ఒక్క గోల్ పడిందా, మీ బుజుంబురా బస్సెక్కుతావ్. పరాయి దేశంవాణ్ణి ఊరికే మేపలేం" అని క్లబ్బు పెద్ద పొద్దున్నే మొహమ్మీద చెప్పేశాడు.

పైగా అతని ఎడమ చెయ్యి చెవి దాటి లేవదు. ఆ సంగతి సేఫు ఒక్కడికే తెలుసు. నిరుడు ఇద్దరిదీ ఒకే జట్టు. భుజం విరిగిననాడు గహుంగుని ఆసుపత్రికి మోసుకెళ్ళింది వాడే. ఈ ఏడు ఎదుటి జట్టుకి మారి, మొదటి సగమంతా ఎడమ పైమూలకే గురిపెట్టి కొట్టాడు పాపిష్టివాడు. స్నేహితుడే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అదృష్టం బాగుండి ఒక బంతి స్తంభానికి తగిలింది, ఇంకోటి వెంట్రుకవాసిలో బయటికి పోయింది.

విరామంలో సేఫు చుట్టూ జట్టంతా చేరింది.

"ఆ తువ్వాలున్నంతసేపూ నువ్వు తలకిందులైనా గోల్ పడదు. కిగోమా ఊరి మంత్రగాడి దగ్గర మందు పెట్టించాడంట!"

"ఎవరు చెప్పార్రా?"

"గేటు దగ్గర చపాతీలమ్మే ముసలమ్మ, మామా జుహురా. కళ్ళారా చూసిందంట."

సేఫు నమ్మాడు. గేటు కింద మందు పాతారేమోనని పొద్దున గోడ దూకి లోపలికొచ్చిన జట్టు కదా, నమ్మక చస్తుందా! అందుకే ఇప్పుడు బంతి కాళ్ళ ముందే ఉన్నా వదిలేసి తువ్వాలు మీద పడ్డాడు.

గహుంగు దాన్ని గుండెలకు అదుముకుని ముడుచుకుపోయాడు. సేఫు బూటుకాలితో డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. రిఫరీ పరుగున వచ్చి ఎర్ర కార్డు చూపిస్తే ఆయన చొక్కా పట్టుకున్నాడు. చివరికి పోలీసులు లాఠీలతో బాదుతూ వాణ్ణి బయటికి ఈడ్చుకుపోయారు.

సేఫు పోయాక ఆ ఎడమ మూల జోలికి ఎవడూ రాలేదు. గోల్ పడకుండానే ఆట ముగిసింది.

క్లబ్బు పెద్ద వచ్చి నెత్తురోడుతున్న గహుంగుని వాటేసుకున్నాడు. "నువ్వెక్కడికీ పోవట్లేదు తమ్ముడూ! ఆ తువ్వాలు మాత్రం భద్రం." జట్టువాళ్ళు దాన్ని తాకడానికి భయపడి ఎడంగా నిలబడ్డారు.

అందరూ వెళ్ళిపోయాక, అంట్ల తట్ట చంకనెత్తుకుని మామా జుహురా వచ్చింది.

"మన ఎత్తు పారిందిగా! ఇక నా తువ్వాలు ఇటివ్వు నాయనా, గిన్నెలు తుడుచుకోవాలి."