మోగని పట్టీ

"ఎన్నిసార్లు చదివినా ఆ ఉత్తరంలో అదే ఉంటుందక్కా," అన్నాడు తమ్ముడు. "ఛాతీకి కట్టే పట్టీ మోగకూడదు. మోగితే సైనికుడు ఎక్కడున్నాడో శత్రువుకు తెలిసిపోతుంది. వాడి ఊపిరి ఆగితే పక్కవాడి చేతికున్న పట్టీ అదరాలి. అలా మారిస్తేనే రక్షణ శాఖ గ్రాంటు."

"నాన్న కోసం చేసింది కదరా. మోగకపోతే ఎవరు లేస్తారు? ఆసుపత్రుల గ్రాంటుకే మళ్లీ రాద్దాం."

"మూడుసార్లు కాదన్నారు. ఈసారీ కాదంటే మనం పట్టీలు చేసే షెడ్డుకు తాళమే."

పక్క గదిలో నాన్న నిద్రపోతున్నాడు. నిద్రలో ఆయన ఊపిరి ఆగితే ఛాతీకి కట్టిన పట్టీ మోగుతుంది, ఎవరో ఒకరు వెళ్లి కుదపాలి. ఆరేళ్లుగా వంతులేసుకుని లేస్తున్నది అక్కాతమ్ముళ్లే. అమ్మకు వినపడదు.

అమ్మ టీ తెచ్చింది. తమ్ముడు ఈ వారం చేసిన, మోగకుండా అదిరే కొత్త పట్టీల జత తీసి, ఒకటి ఆమె చేతికి కట్టాడు. రెండోది తన ఛాతీకి చుట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

అమ్మ ఉలిక్కిపడి చేయి చూసుకుంది, తర్వాత కొడుకుని చూసింది. "ఏరా, చావాలనుందా? ఊపిరి పీల్చు!"

తమ్ముడు పట్టీ విప్పబోతే ఆమె చేయి వెనక్కి లాక్కుంది. "ఉండనీ. ఇవాళ్టి నుంచి ఆయన్ని నేను చూసుకుంటా. మీరిద్దరూ పడుకోండి."

అక్క ఆ ఉత్తరాన్ని తన ముందుకు లాక్కుంది.

"సంతకం ఎక్కడరా?"