సూది దిగే వేళ

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టినా మిక్సీలు, లిఫ్టు, నీళ్ళ మోటారు అన్నీ ఆగిపోతాయి. ఆ ఇంట్లో కంటికి కనపడని సూది ఒకటి ఒంట్లోంచి తీసిన కణాన్ని నొక్కి చూస్తోందని అర్థం. కాస్త అదురు తగిలినా లెక్క తప్పుతుంది. కణం గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తబడిందంటే క్యాన్సర్.

ఇవాళ గుడ్డ మా గుమ్మానికే కట్టాం. నా భార్య మాణిక్యం రొమ్ములో గడ్డ నుంచి తీసిన చుక్క భోజనాల బల్ల మీద, ఆ సూది ఉన్న పెట్టెలో ఉంది.

"అదురుతోంది. మళ్ళీ చూడాలి," అంది పెట్టె, రెండోసారి.

నాకు ఒళ్ళు మండింది. పై ఇంటావిడ రోజూ ఈ వేళకే రోట్లో పచ్చడి నూరుతుంది. కూర్చున్నచోటి నుంచే కిటికీ వైపు తల తిప్పి అరిచాను.

"శేషారత్నం గారూ, ఆ దంచడం కాస్త ఆపండి."

"గుడ్డ చూసినప్పుడే ఆపేశాను బాబూ," అందావిడ పైనుంచి.

"ఆవిడ కాదండీ," అంది మాణిక్యం మెల్లగా. "మీ మోకాలు."

చూసుకున్నాను. బల్ల కోడుకు ఆనిన నా కాలు దానంతటదే ఆడుతోంది. ఆమె దాని మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టింది. సూది దిగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"గట్టిగానే ఉంది," అంది పెట్టె.

అప్పుడు మొదలైంది, నా మోకాలి మీదున్న ఆమె చెయ్యి వణకడం.