వెనకాల నడిచేది

"ఇదేంటి?" అన్నాడు మొగుడు, స్క్రీన్ మీద వేలు పెట్టి.

ఆమె కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. అతను టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచాడు. కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో పేరుపేరునా చూపించే చోటది. మనం తెరిచినవి పైన, కంటికి కనబడకుండా వెనకాల నడిచేవి కింద. అతని వేలు కిందివాటిలో ఒక పేరు దగ్గర ఆగి ఉంది. క్రాష్ రిపోర్టర్.

"నాకేం తెలుసండీ? దానంతటదే వస్తుంది."

"ఈ ఇంట్లోకి దానంతటదే వచ్చేది ఏదీ లేదు."

అదీ నిజమే. ఆ ఇంట్లోకి గాలైనా అయ్యగారిని అడిగే రావాలి. ఆమె ఫోన్ అతని జేబులో ఉంటుంది. వీధి తలుపు తాళం చెవి అతని బెల్టుకి ఉంటుంది. సొంత అక్క గొంతు విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. ఒకసారి పక్కింటావిడని ఫోన్ అడిగిందని తెలిసి అతను కొట్టిన దెబ్బకి ఎడమ చెవి ఇప్పటికీ వినబడదు.

పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని ఎంబ్రాయిడరీ డిజైన్లు వేయాలి. పక్కగదిలో మిషన్ వాటిని కుడుతుంటే దారాలు మార్చాలి. ఆ డిజైన్ల ప్రోగ్రామ్ నెట్ లేకపోతే తెరుచుకోదు, గతిలేక నెట్ ఉంచాడు. బ్రౌజర్ మాత్రం పీకించేశాడు.

అలాంటిది, ఈ మధ్య ఆ ప్రోగ్రామ్ ఊరికూరికే ఆగిపోతోంది. ఆర్డర్లు వెనకబడుతున్నాయి. "నీ చేతులు పడిపోను!" అని ఆమెని తిట్టాడు. ఆ కసి తీరక ప్రోగ్రామ్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి వాళ్ళనీ తిట్టాడు. మనిషిని పంపుతామన్నారు.

అతను ఎండ్ టాస్క్ నొక్కాడు. పేరు మాయమైంది. డిజైన్ల ప్రోగ్రామ్ తెరిచాడు. పేరు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి వచ్చింది. అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

తలుపు చప్పుడైంది.

కంపెనీ నుంచి వచ్చింది ఒక నడివయసు మనిషి. బిగించి వేసుకున్న ముడి, భుజాన సంచీ, మొహాన నవ్వన్నది మచ్చుకైనా లేదు. వచ్చింది ఆడమనిషే కదా అని అతను లోపలికి రానిచ్చాడు. ఆవిడ ఇంటామెని కనీసం పలకరించలేదు. నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఇది ఎవరికి చాడీలు మోస్తోంది?" అన్నాడు అతను, ఆ పేరు చూపించి.

"మాకే సార్. ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా పక్కన కాపలా కూర్చుంటుంది. ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఎందుకయిందో మాకు చెబుతుంది. ఇక్కడ ఎన్నిసార్లు ఆపినా మళ్ళీ వస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపాలి."

"ఇప్పటిదాకా ఏం చెప్పిందో చూపించు."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"టీ పెట్టనా మేడమ్?" అంది, ఎలాగైనా మాట మళ్ళిద్దామని.

"కూర్చో," అన్నాడు మొగుడు.

కంపెనీ మనిషి ఒక ఫైలు తెరిచింది. స్క్రీన్ నిండా అంకెలు, తలాతోకా లేని అక్షరాలు, కోడి కెలికినట్టు.

"కిందికి జరుపు."

ఆమె కుర్చీ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. దేవుడా, దేవుడా అనుకుంది. అంతకుమించి ఏం కోరుకోవాలో కూడా తోచలేదు.

"ఎంత కిందికెళ్ళినా ఇదే గోల సార్. కూర్చుని చదువుతానంటే చెప్పండి, నేను మధ్యాహ్నం వస్తాను."

అతను విసుగ్గా చెయ్యి ఊపాడు. "తీసెయ్ దాన్ని."

ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేసింది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకేడుస్తున్నావని అడుగుతాడేమోనని మింగేసింది.

"ఇది ఇక్కడ తేలే వ్యవహారం కాదు," అంది కంపెనీ మనిషి. "ఆఫీసుకి పట్టుకెళ్ళాలి. ఈవిడా రావాలి."

"డబ్బా పట్టుకుపో. మనిషెందుకు?"

"ఏం చేస్తుంటే ఆగిపోతోందో చేసే చేతికే తెలుస్తుంది. పోనీ మీరు రండి సార్. వచ్చి ఒక డిజైన్ గీసి చూపించండి."

అయ్యగారికి గీయించడమే వచ్చు, గీయడం రాదు. పైగా కుట్టిన సరుకు కోసం షాపు వాళ్ళు ఏ క్షణంలోనైనా రావచ్చు.

"చీకటి పడకముందే దింపాలి," అన్నాడు. ఆమె కుడి చెవి దగ్గరికి వంగి, "నోరు విప్పావో..." అన్నాడు. మిగతాది ఆమెకి తెలుసు.

వ్యాన్ కదిలింది. ఒళ్ళో కంప్యూటర్ డబ్బా. అతను గుమ్మంలో నిలబడి వ్యాన్ నంబర్ ఫోటో తీసుకోవడం అద్దంలో కనబడింది. ఆఫీసులో ఈ డబ్బా విప్పుతారు. అంతా బయటపడుతుంది. వీళ్ళు అతనికి ఫోన్ చేస్తారు. సాయంత్రం తను ఇంట్లోకి అడుగుపెట్టగానే అతను తలుపు గడియ వేస్తాడు. ఆ గడియ చప్పుడు ఇప్పుడే వినబడుతున్నట్టయింది.

"మేడమ్," అంది ఎట్టకేలకు. "ప్రోగ్రామ్‌లో ఏ లోపమూ లేదు. నన్ను వెనక్కి దింపేయండి. ఆయనకేం చెప్పకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

కంపెనీ మనిషి వీధి మలుపు తిరిగేదాకా ఆగలేదు. తిరిగాక వ్యాన్ పక్కకి ఆపింది. మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు కావాలని ప్రోగ్రామ్‌ని క్రాష్ చేసి, రిపోర్టు కింద ఏం జరిగిందో రాయమనే ఖాళీ గడిలో రాసి పంపిన అడ్రసుకి నిన్ననే వెళ్ళొచ్చాను చెల్లెమ్మా, మీ అక్క నీకోసం ఎదురుచూస్తోంది."