ఎనుము చొప్ప ముట్టల్యా

“ఇంకో రెండేండ్లా?”

టెలిఫోను బూతులో సుచరిత గొంతు లేచేసరికి బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఆ బూతు తలుపు ఏనాడూ సరిగ్గా పడింది లేదు. లోపల గుసగుసలాడినా బద్వేలు బస్టాండు దాకా వినపడుతుందని దానికి పేరు.

ఫోనులో అవతల, కువైట్‌లో, ఆమె మొగుడు భూపేష్. పెళ్ళయిన కొన్నాళ్ళకే విమానం ఎక్కినవాడు. ఒప్పుకున్న గడువు ఈ నెలతో తీరిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండిపొమ్మని అక్కడి యజమాని అడుగుతున్నాడట. రేపు పొద్దున సంతకం పెట్టాలట.

సుచరిత బల్ల వైపు చూసింది. శుక్రవారం కువైట్‌లో సెలవు కాబట్టి బల్ల నిండా ఫోన్ల కోసం కాచుకున్న జనమే. అందరి చెవులూ ఇటే ఉన్నాయి. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“నేనేం చెప్పేది? ఎనుము చొప్ప ముట్టల్యా,” అంది.

బూతు యజమాని ఓబులేసు నిట్టూర్చాడు. ఎక్కడో పల్లె నుంచి ఆటోలో వచ్చి ఈ పిల్ల వారం వారం చెప్పేది ఇదే. ఎనుము చొప్ప ముట్టలేదు. ఎనుము కుడితి తాగలేదు. ఎనుము వాకిలి వైపే చూస్తోంది.

సెల్‌ఫోన్లు ఇంకా పల్లెలకు రాని ఆ రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్ళ బెంగంతా ఆ అద్దాల డబ్బాలోంచే కువైట్‌కు పోయేది. అయితే ఎవరూ దాన్ని నేరుగా చెప్పేవాళ్ళు కాదు. ప్రేమ అనే మాటను ఓబులేసు సినిమా పోస్టర్ల మీద చూడడమే గానీ తన బూతులో విన్న పాపాన పోలేదు. తల్లులు “తింటివా?” అని అడిగేవాళ్ళు. అంటే నిన్ను చూడాలని ఉందని. తండ్రులు “ఈడ వానల్యా” అనేవాళ్ళు. అంటే నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందని. పెళ్ళాలు “నువ్వు పంపిన సబ్బులు అయిపోయినాయి” అన్నారంటే ఆ మనిషి వాసన తగిలి చాలా కాలమైందని. ఎవరి మాట వెనక ఏముందో ఇట్టే చెప్పగలనని ఓబులేసుకు కాస్త గర్వం కూడా ఉండేది. ఎటొచ్చీ సుచరిత దగ్గరే ఆయనకు ఒళ్ళు మండేది. అంత దూరాన ఉన్న మొగుడితో ఒక్క తీపి మాట లేదు. ఎంతసేపూ ఆ గేదె గోలే.

“రాత్రంతా నిద్దర పోల్యా. ఒకటే అరుపు,” అంటోంది సుచరిత.

“అరుస్తాందా? అయితే ఎదకొచ్చింటాది,” అన్నాడు బల్ల మీదున్న పెద్దసుబ్బయ్య. కూతురి ఫోను కోసం వచ్చిన ముసలాయన, ఊరికే ఉండలేకపోయాడు. “దున్నపోతు కాడికి తోలకపోతే అది యాడ నిలుస్తాదమ్మా?”

బల్లంతా నవ్వింది. సుచరిత ముఖం కందిపోయింది. గోడ వైపు తిరిగి నిలబడింది.

“ఇంకో రెండేండ్లంటే ఎనుము బతకదు. అంతే చెప్తాండా,” అంది. ఆపైన ఏడుపు వచ్చింది.

ఓబులేసుకు జాలేసింది. మూగజీవి మీద ఇంత ప్రాణం పెట్టుకున్న పిల్లను ఇన్నాళ్ళూ మనసులో ఆడిపోసుకున్నానే అనుకున్నాడు.

“ఏడవాకమ్మా. నాకు తెలిసిన పశువుల డాక్టరు ఉండాడు. రేపే పిలుచుకొస్తా,” అన్నాడు తలుపు సందులోంచి.

బల్ల చివర సుచరిత అత్త నాగలక్ష్మమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ అంతే. కోడలు మాట్లాడినంతసేపూ ఆకువక్క నములుతూ వచ్చే పోయే బస్సులను చూసేది. చివర్లో లోపలికి పోయి కొడుకును “తింటివా?” అని అడిగి పెట్టేసేది. ఈ రోజు మాత్రం మధ్యలోనే ఆకు ఉమ్మేసి లేచింది. పోయి కోడలి చేతిలో ఫోను తీసుకుంది.

“అబ్బీ, నేను. నీ పెండ్లాం చెప్పేది నిజమే. దినామూ కండ్లారా చూస్తాండా. ఏం పెట్టినా ముట్టదు. శానా చిక్కిపోయింది. గాలొస్తే పడిపోయేటట్టు ఉండాది.”

అవతల అతను ఏదో అన్నాడు.

“దుడ్లదేముందిరా, ఈడ కూడా సంపాదించుకోవచ్చు. ఎనుము పోతే మళ్ళా యాడ తెస్తావు? సంతకం పెట్టాకు. వచ్చేయ్.”

కాసేపు విని, “ఊ, సరే నాయనా, వచ్చే నెల్లోనే రా,” అని పెట్టేసింది. సుచరిత ఆమె వంక చూడలేక మూలకు ఒదిగి తల వంచుకుంది.

బల్ల మీద అందరూ ముక్కున వేలేసుకున్నారు. వీసా దొరికితే చాలని దేవుళ్ళకు మొక్కుకునే కాలంలో, గొడ్డు కోసం కువైట్‌ను కాదనుకున్న ఇల్లు అదొక్కటే. ఓబులేసుకు కడుపు మండింది.

“మతి గాని పోయిందా పెద్దమ్మా? ఒక ఎనుము కోసం కొడుకును రమ్మంటాండావే. డాక్టరును పిలుచుకొస్తానని చెప్తాండా గదా. మీ కొట్టం యాడుండాదో చెప్పు, పొద్దున్నే వస్తాం.”

నాగలక్ష్మమ్మ కోడలి కళ్ళు తన కొంగుతో తుడిచింది. చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ ఓబులేసు వైపు తిరిగింది.

“మాకు ఎనుము యాడిదప్పా? వాడు కువైట్‌కు పోయేటప్పుడే అమ్మేస్తిమి.”