అధ్యక్షుడి మిల్లు

మామ కొట్టిన దెబ్బకు అల్లుడి పెదవి చిట్లి, చదువుతున్న తీర్మానం మీద నెత్తురు పడింది.

రబ్బరు నిపుణుల సంఘం సమావేశంలో ఎవరూ కదల్లేదు. కొట్టినాయన సంఘానికి అధ్యక్షుడు, పెద్ద రబ్బరు మిల్లుకు యజమాని. దెబ్బ తిన్నవాడు కార్యదర్శి.

“పిల్లనిచ్చిన మామ మిల్లుకే భద్రతా పత్రం రద్దు చేస్తావా?”

“ఇది రెండో చావు మామయ్యా. రబ్బరు నలిపే రోలర్లు విప్పితేగాని వాటిలో ఇరుక్కున్న నిన్నటి మనిషి బయటికి రాలేదు.”

“యంత్రమన్నాక ప్రమాదాలుండవా?”

మామ అతని కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. అల్లుడు చెయ్యెత్తలేదు. నోట్లో నెత్తురు మింగి మాట్లాడాడు.

“రోలర్లను ఆపే మీట పనిచెయ్యడం లేదని మీకు చెప్పాం. చెప్పి ఊరుకున్నాం. మన సంఘం పత్రం గోడ మీదుందనే ధైర్యంతో కూలీలు అక్కడ పనిచేస్తున్నారు. ఆ ఇద్దర్నీ చంపింది మీరొక్కరే కాదు, మేమూనూ.”

తలలు దించుకున్నవాళ్లలో ఒకాయన రద్దుకు చెయ్యెత్తాడు. తర్వాత ఇంకొకరు. ఆపైన అందరూ ఎత్తారు.

మామ కాలరు వదిలి కుర్చీలో కూలబడ్డాడు.

“నిన్న ప్రాణం పోయేదాకా నా చెయ్యే పట్టుకున్నాడయ్యా వాడు,” అన్నాడు.

ఆయన కూడా చెయ్యెత్తాడు.