ఒడి నిండాలి

మా చెల్లెలు సూర్యకళ ఏ పనికీ చెప్పిన టైముకు వచ్చిన మనిషి కాదు. అట్లాంటిది, ఐదేళ్లకోసారి పుట్టింట్లో పోసే ఒడిబియ్యానికి రమ్మంటే, ఆ రోజు నాచారంలోని మా ఇంటికి అందరికంటే ముందే వచ్చింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, తల వంచుకుని పీట మీద కూర్చుంది.

నా భార్య నీరజ పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్లతో ఆమె ఒడిలో పోయసాగింది.

బస్తా సగమైంది. ఒడి మాత్రం ఖాళీగానే ఉంది. కింద ఒక్క గింజ కూడా లేదు.

"ఏంది గిట్లయితున్నది?" నీరజ నావైపు చూసింది.

"ఆపకు. నిండకముందే ఆపితే ఆడబిడ్డకు మంచిది గాదు," అన్నాను.

"ఇంక పొయ్యి వదినె," అంది పీట మీంచి, తల ఎత్తకుండానే.

అప్పుడే నా ఫోన్ మోగింది. సూర్యకళ నంబరు.

"అన్నా, ఇంకా ఉప్పల్ల ట్రాఫిక్‌లనే ఉన్న," అంది మా చెల్లెలు, ఆయాసపడుతూ. "ఏడికెల్లి పడుతున్నయో తెల్వది, ఆటోల నా ఒడి నిండ పసుపు బియ్యం. గొంతు దాంక వచ్చినయి. ఊపిరాడ్తలేదన్నా."

నీరజ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆగలేదు. ఆమె ఏడుస్తూనే పోస్తోంది.

ఫోన్లో మాట ఆగిపోయింది. బియ్యం జారుతున్న చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది.

పీట మీదున్నామె తల ఎత్తింది. అచ్చం మా చెల్లెలి ముఖం.

"నిండింది వదినె. జర మూట గట్టు. ఇంటికాడ పిల్లలు ఎదురుసూస్తుంటరు."