నీలం వలతాడు

"జోగులు కా ఘర్ కిధర్ హై, భయ్యా?"

జోగులు ఇల్లెక్కడని, అండమాన్‌లోని హోప్ టౌన్ రేవులో బోటు దిగిన ముసలి నికోబారీ అడిగిన మొదటి మాట అదే. మెడలో చిన్న సిలువ, భుజాన గుడ్డసంచి, కాళ్ళకు చెప్పుల్లేవు.

యర్రయ్య అతన్ని ఎగాదిగా చూసి, ఒడ్డున కూర్చున్న బావ జోగులు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ రోజు జోగులు పెళ్ళాం సీతాలుకి పదో రోజు. సునామీకి ముందురోజు ఎండుచేపల గంపతో ఓడెక్కి హట్ బే దీవికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. జోగులు వారం పాటు పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రి చుట్టూ తిరిగి, మొన్నటితో ఆశ వదులుకున్నాడు. శవమైనా దొరకని పెళ్ళానికి ఇవాళ పిండం పెడుతున్నాడు.

జోగులు అంటే ఇతనేనని తెలియగానే ముసలివాడు నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప ముంచింది. సంచిలోంచి రుమాలు తీసి విప్పాడు.

పుస్తెలు.

నీలం వలతాడుకు కట్టిన పుస్తెలు. కిందటేడు పసుపుతాడు తెగితే, జోగులే వలతాడు ముక్క కోసి తన చేత్తో ముడి వేశాడు. ఆ ముడి ఇంకెవరికీ రాదు.

ఆ పేటలో మొగుడు బతికుండగా ఏ ఆడదీ పుస్తెలు తియ్యదు. పుణ్యస్త్రీగా పోతే వాటితోనే సాగనంపుతారు. మరి ఇవి ఇతని చేతిలోకి ఎలా వచ్చాయి? జోగులుకు ఒక్కటే జవాబు తోచింది.

"శవం మెళ్ళోంచి లాగీసినావురా?"

ముసలివాడు నోరు తెరిచాడు. జోగులు చేతిలోని తెడ్డు సరిగ్గా ఆ నోటి మీదే పడింది. దవడ విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

పదిమంది మగాళ్ళు, ఒక్క ముసలివాడు. చెప్పుకోడానికే సిగ్గుచేటు. సముద్రాన్ని కొట్టలేని వాళ్ళంతా అతన్ని కొట్టారు. యర్రయ్య పక్కటెముకల్లో తన్నాడు. ఎవరో రాయి తెచ్చారు. అతను ఒక్కసారైనా చెయ్యి ఎత్తలేదు, పుస్తెలున్న గుప్పిట విప్పనూ లేదు. అది చూసి ఇంకా కొట్టారు.

కొట్టి కొట్టి అలసి ఆగారు.

ముసలివాడు పాక్కుంటూ జోగులు దగ్గరికి వచ్చాడు. పుస్తెలు అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ఏదో అనబోయి, అనలేక, నీళ్ళ వైపు వేలు చూపించాడు.

"శవాన్ని ఆ నీళ్ళలోనే పారీసినాడు బావా," అన్నాడు యర్రయ్య.

జోగులు మళ్ళీ తెడ్డు ఎత్తి తల మీద కొట్టాడు.

అంతే. చచ్చిన ముఖంలో కోపం లేదు, భయం లేదు. పని ముగించి నడుం వాల్చిన కూలీలా ఉన్నాడు. అది చూసి జోగులుకు ఒళ్ళు మండింది.

ఇంకా ఎవరెవరి బంగారం ఉందోనని యర్రయ్య సంచి బోర్లించాడు. తడిసి ఉబ్బిన బైబిలు పడింది. అందులో మడతపెట్టిన కాగితం, అంతా హిందీ. హిందీ బడిలో చదివే జోగులు కూతురు గౌతమిని పిలిచారు. తల్లి పిండానికి వండుతున్న అన్నం చేతులతోనే వచ్చిందా పిల్ల.

"పైన ప్రార్థన రాసుకున్నాడు నాన్నా. 'ప్రభువా, రేపు నాకుందో లేదో. ఇవాళ్టి పని మిగిలిపోనివ్వకు.' కింద పేర్లు, ఊర్లు. మిన్నీ బేలో ముగ్గురు... అన్నిటికీ టిక్కులు పెట్టినాడు. రెండే మిగిలినాయి."

"సదువు."

గౌతమి చదివింది. మధ్యలో ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"సీతాలు. హోప్ టౌన్. భర్త జోగులు. నిన్న మా ఓడలో పెద్దాసుపత్రికి వచ్చింది. నాలుగో వార్డు, పదకొండో మంచం. కాలు ఆపరేషన్ కోసం పుస్తెలు తీశారు. ఇవి చూపిస్తేనే తను బతికుందని నమ్ముతాడంది."

ముసలివాడు వేలు చూపిన వైపు జోగులు చూశాడు. నీళ్ళ అవతల పోర్ట్ బ్లెయిర్.

"రెండోది?" అన్నాడు యర్రయ్య.

"మార్తా, నా భార్య. వీళ్ళందరి కబుర్లూ చేరవేశాక వెతకాలి."